గిటారు విరగ్గొట్టింది ఎవరు? ఆల్టర్నేటివ్ రాక్‌లో స్త్రీలకు వేరే తూకం

2021 ఫిబ్రవరి 6 రాత్రి, అమెరికన్ టీవీ కార్యక్రమం 'సాటర్డే నైట్ లైవ్'లో రాక్ గాయని ఫీబీ బ్రిడ్జర్స్ తన పాట ముగిస్తూ చేతిలోని గిటారును నేలమీది స్పీకరుకేసి బాదారు. నిప్పురవ్వలు లేచాయి. తెల్లవారేసరికి ఇంటర్నెట్టు నిండా అదే తగవు. మంచి వాయిద్యాన్ని పాడుచేసిందని కొందరు, అరువు తెచ్చుకున్న నాటకమని కొందరు. సీనియర్ గాయకుడు డేవిడ్ క్రాస్బీ 'దయనీయం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

అదే కార్యక్రమంలో 1992 జనవరి 11న నిర్వాణా అనే రాక్ బృందం తన వాయిద్యాలను పగలగొట్టింది. ఆ దృశ్యాన్ని ఇవాళ్టికీ ఒక తరం గొంతు విప్పిన క్షణంగా చూపిస్తారు. అంతకు చాలా ముందే ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ గిటార్లు విరగ్గొట్టడాన్ని అలవాటుగా చేసుకున్నారు. 1967లో మాంటెరీ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ ఏకంగా గిటారుకు నిప్పంటించారు. వాళ్ల గిటార్ల ఖరీదు మీద ఇంత చర్చ ఎప్పుడూ నడవలేదు. బ్రిడ్జర్స్ చేతిలో ఉన్నదేమో చవక రకం డేనెలెక్ట్రో. విరగ్గొట్టబోతున్నానని తయారీదారులకు ముందే చెప్పానని, అది అంత తేలిగ్గా విరగదని చెబుతూనే వాళ్లు శుభాకాంక్షలు అందించారని ఆమె బదులిచ్చారు.

ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా రెండు వాక్యాలు ఎదురెదురుగా నిలబడతాయి. 'ఇది ద్వంద్వ నీతి' అన్నది ఒకటి. 'ప్రతిదానిలోనూ ఆడా మగా గొడవేనా' అన్నది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. ఉదాహరణకు, 1992లో కొత్తగా కనిపించిన పని 2021 నాటికి అరిగిపోయిన ముచ్చట అయి ఉండవచ్చు. మగవాడు చేసినా నవ్వేవారేమో. మరి పోలికను ఎలా కొలవాలి?

(ఒక చిన్న మాట. ఈ వ్యాసంలో ఆడా మగా అందరికీ ఒకటే గౌరవవాచకం వాడుతున్నాను. తూకం గురించి రాస్తూ నేనే తూకం తప్పితే బాగుండదు.)

'ఆల్టర్నేటివ్' అంటే దేనికి ప్రత్యామ్నాయం?

1980లలో అమెరికాలో విద్యార్థులు నడిపే కళాశాల రేడియోలు, చిన్న చిన్న స్వతంత్ర రికార్డు సంస్థల ఆసరాతో ఎదిగిన సంగీతమిది. 1970ల నాటి తిరుగుబాటు రాక్ అయిన పంక్ నుంచి కోపాన్ని, బోలెడంత అనుమానాన్ని వారసత్వంగా తెచ్చుకుంది. పెద్ద కంపెనీల మీద, మెరుగు పెట్టిన పాటల మీద, మర్యాద మీద అనుమానం. నిర్వాణా రెండో ఆల్బం 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ ఆల్బంను దాటి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి చేరడంతో ఈ పక్కదారి రహదారి అయిపోయింది.

గ్రామీ పురస్కారాల్లో ఈ సంగీతానికి ప్రత్యేక విభాగం 1991లో మొదలైంది. మొట్టమొదటి విజేత ఐర్లండ్ గాయని షినేడ్ ఓకానర్. సంగీత పరిశ్రమ డబ్బుకే విలువ ఇస్తోందంటూ ఆమె ఆ పురస్కారాన్ని తిరస్కరించారు. ఈ రంగానికి ఇంతకంటే తగిన ప్రారంభం ఉండదు. ఇక్కడ నియమాన్ని ధిక్కరించడమే అర్హత. మర్యాదగా ఉండేవారిని ఇక్కడ అనుమానిస్తారు.

చిక్కంతా అక్కడే ఉంది. మర్యాదకు మార్కులు వేసే చోట ఆడవాళ్లకు వేరే ప్రమాణం ఉంటే అది మనకు తెలిసిన కథే. ధిక్కారానికే మార్కులు వేసే చోట కూడా ఆ ప్రమాణం ఎందుకు మారలేదన్నది ఇక్కడి ప్రశ్న.

ద్వంద్వ ప్రమాణం అనాలంటే మూడు విషయాలు కలవాలి. చేసిన పని దాదాపు ఒకటై ఉండాలి, దానివల్ల జరిగిన హాని పోల్చదగినదై ఉండాలి, తీర్పు మాత్రం వేరై ఉండాలి. ఒక స్త్రీని విమర్శించినంత మాత్రాన అది ద్వంద్వ ప్రమాణం కాదు. మొదటి రెండూ కలవకపోతే మూడోదాని గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఒకే వేదిక, మూడు ధిక్కారాలు

అదృష్టవశాత్తూ పోలికకు ఒక సహజమైన ప్రయోగశాల దొరికింది, అదే 'సాటర్డే నైట్ లైవ్'. కార్యక్రమం ఒకటే, స్టూడియో ఒకటే, ప్రసార సంస్థ ఒకటే, ప్రత్యక్ష ప్రసారమూ ఒకటే. అక్కడ మాట తప్పినవారు ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

1977 డిసెంబరులో బ్రిటిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో ముందు ఒప్పుకున్న పాటను కొన్ని క్షణాలకే ఆపేసి, ప్రసార సంస్థలను ఎత్తిపొడిచే వేరే పాట అందుకున్నారు. నిర్మాతలకు ఒళ్లు మండింది. 1989 దాకా ఆయనను మళ్లీ పిలవలేదు.

1992 అక్టోబరు 3న షినేడ్ ఓకానర్ బాబ్ మార్లీ పాటను వాయిద్యాలేవీ లేకుండా పాడుతూ, మధ్యలో పిల్లలపై జరిగే అత్యాచారాల మాట చేర్చి, చివర్లో పోప్ రెండో జాన్ పాల్ ఫొటోను కెమెరా ముందు చించేశారు. రిహార్సల్‌లో ఆమె చూపించింది ఒక పిల్లవాడి ఫొటో. పోప్ ఫొటో ఆమె తల్లి గోడ మీద ఉండేది. స్టూడియోలో చప్పట్లు లేవు, అరుపులు లేవు. ఆమె మళ్లీ ఆ వేదిక ఎక్కలేదు.

1996 ఏప్రిల్ 13న అమెరికన్ రాక్ బృందం రేజ్ అగైనెస్ట్ ద మెషీన్ యాంప్లిఫయర్లకు అమెరికా జెండాలను తలకిందులుగా వేలాడదీసింది. ఆ రాత్రి కార్యక్రమ వ్యాఖ్యాత కోటీశ్వరుడు స్టీవ్ ఫోర్బ్స్, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీ చేసిన వ్యక్తి. పాట మొదలయ్యే ముందే సిబ్బంది జెండాలు పీకేశారు. రెండో పాట పాడనివ్వకుండా బృందాన్ని భవనం నుంచి పంపించేశారు.

గమనించండి, కార్యక్రమం వేసిన శిక్ష ముగ్గురికీ దాదాపు ఒకటే: మళ్లీ రావద్దు. ఇక్కడివరకు ద్వంద్వ ప్రమాణం పెద్దగా కనిపించదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది.

రేజ్ బృందం కొత్త ఆల్బం అదే వారం విడుదలై నేరుగా మొదటి స్థానంలో నిలిచింది. గెంటివేత వాళ్ల చిత్తశుద్ధికి యోగ్యతాపత్రంలా పనిచేసింది. కాస్టెల్లో విషయానికొస్తే, 1999లో కార్యక్రమం పాతికేళ్ల వేడుకలో బీస్టీ బాయ్స్ పాటకు మధ్యలో అడ్డుపడి, తన పాత తప్పునే సరదాగా మళ్లీ చేసి చూపించారు. శిక్ష వేసినవాళ్లే చప్పట్లు కొట్టారు.

ఓకానర్ సంగతి వేరు. మరుసటి వారం అదే వేదిక మీద నటుడు జో పెస్కీ అతికించిన ఫొటోను చూపిస్తూ, నేనుంటే ఆమెకు ఒకటి తగిలించేవాణ్ణని అన్నారు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. (పెస్కీ వేసిన పాత్రలు చూస్తే మగవాడినైనా కొడతాననేవారేమో అనిపిస్తుంది, అదీ నిజమే. కానీ అంతకు రెండేళ్ల ముందు న్యూజెర్సీ కచేరీకి ముందు అమెరికా జాతీయగీతం వేయడానికి ఆమె ఒప్పుకోనప్పుడు ఫ్రాంక్ సినాట్రా కూడా కొడతానన్న ధోరణిలోనే మాట్లాడారు. అభిప్రాయభేదానికి జవాబుగా దెబ్బ గుర్తుకు రావడం అక్కడ రెండోసారి.) రెండు వారాలకు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాబ్ డిలన్ ముప్పై ఏళ్ల సంగీత ప్రస్థానానికి గౌరవంగా జరిగిన కచేరీలో ఆమె వేదిక ఎక్కగానే సభలో గోల మొదలైంది. తోటి గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ వచ్చి ధైర్యం చెప్పారు. ఆమె డిలన్ పాట వదిలేసి, ఆ మార్లీ పాటనే గట్టిగా అరిచినట్టు పాడి దిగిపోయారు.

ఆ సభ ఎవరిదో చూడాలి. ధిక్కార గీతాలు రాసి పేరు తెచ్చుకున్న గాయకుడి అభిమానులది. రేజ్ బృందం మీద కోపం బయటివాళ్లది, అందుకే లోపలివాళ్లు వాళ్లను భుజాల మీద మోశారు. ఓకానర్‌ను వెలివేసింది లోపలివాళ్లే.

ఇక్కడ ఎదుటి వాదనకూ న్యాయం చేయాలి. జెండా వేరు, పోప్ వేరు. కోట్లమంది విశ్వాసాన్ని తాకిన పని అది. చర్చిలో పిల్లలపై అత్యాచారాల సంగతి 1992 నాటి అమెరికన్ ప్రేక్షకులకు పెద్దగా తెలియదు, ఆమె ఏం చెబుతున్నారో వాళ్లకు అర్థం కాలేదు. మతం జోలికి పోతే మగవాళ్లనూ వదల్లేదు. 1966లో జాన్ లెనన్ క్రీస్తు గురించి అన్న మాటకు బీటిల్స్ రికార్డులు తగలబెట్టారు, ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. రాక్ గాయకుడు మెరిలిన్ మాన్సన్ వేదిక మీద బైబిల్ పుటలు చించినందుకు ఊరూరా నిరసనలు ఎదుర్కొన్నారు. అంటే ఆగ్రహంలో పెద్ద భాగం లక్ష్యాన్ని బట్టి వచ్చిందే, లింగాన్ని బట్టి కాదు.

ఆ వాదన తీసేశాక మిగిలేది ఏమిటన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది. లెనన్‌ను పొగరుబోతు అన్నారు, మాన్సన్‌ను ప్రమాదకారి అన్నారు. ఓకానర్‌కు మతిస్థిమితం లేదన్నారు. పొగరుబోతు మాటకు, ప్రమాదకారి మాటకు అర్థం ఉంటుంది, జవాబు చెప్పాలి. పిచ్చి అని పేరు పెడితే జవాబు చెప్పనక్కరలేదు. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక పరిశోధన, 2009లో ఐర్లండ్‌లో చర్చి అత్యాచారాలపై వెలువడిన ర్యాన్, మర్ఫీ నివేదికలు ఆమె చెప్పిన విషయం ఎంత నిజమో బయటపెట్టాయి. అప్పటికి పదేళ్లు, పదిహేడేళ్లు గడిచిపోయాయి.

నా అంచనాలో అసలు తేడా శిక్షలో తక్కువ, జ్ఞాపకంలో ఎక్కువ. మగవాడి ధిక్కారం పురాణగాథగా భద్రమవుతుంది, ఆడదాని ధిక్కారం రోగ నిర్ధారణగా మిగులుతుంది. 'తిరిగి ఆడది చెడె, తిరగక మగవాడు చెడె' అన్న పాత సామెత గిటారు పట్టుకున్నా మారలేదన్నమాట.

ఒకే ఇల్లు, ఒకే మత్తు: లవ్, కొబేన్

హోల్ బృందం నాయకురాలు కోర్ట్నీ లవ్ ఉదాహరణ మరింత చిక్కుముడి. ఆమె, నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ దంపతులు. ఇద్దరూ హెరాయిన్ వాడారు, దాచుకోలేదు. 1992 సెప్టెంబరు సంచికలో వానిటీ ఫెయిర్ పత్రిక ఆమె గర్భంతో ఉండగా హెరాయిన్ వాడినట్టు రాసింది. గర్భవతినని తెలిశాక మానేశానని, తన మాటలను వక్రీకరించారని ఆమె అన్నారు. పాప పుట్టాక లాస్ ఏంజెలెస్ శిశు సంక్షేమ అధికారులు కలగజేసుకోవడంతో ఆ దంపతులు కొంతకాలం బిడ్డను తమ దగ్గర ఉంచుకోలేకపోయారు.

ఆంక్ష ఇద్దరికీ వర్తించింది. పత్రికల కథనాల్లో మాత్రం ఆమె చెడ్డ తల్లి, ఆయన బాధలో ఉన్న కళాకారుడు. పోలిక ఇక్కడ పూర్తిగా కుదరదని ఒప్పుకోవాలి. గర్భం మోసేది ఒకరే, కడుపులో బిడ్డకు ముప్పు అన్న ప్రశ్న ఆయనకు వర్తించదు. కానీ బిడ్డ పుట్టాక ఆ తేడా పోవాలి కదా? పోలేదు. అదే ఇంట్లో, అదే మత్తుకు తండ్రిగా ఆయన జవాబు చెప్పాల్సి వచ్చింది చాలా తక్కువ.

1994 ఏప్రిల్ 8న కొబేన్ మృతదేహం దొరికింది. నాలుగు రోజులకు హోల్ రెండో ఆల్బం వచ్చింది. ఆ ఏడాది విలేజ్ వాయిస్ పత్రిక విమర్శకుల సర్వేలో అదే మొదటి స్థానం పొందింది. పాటలు నిజంగా కొబేనే రాశారన్న వదంతి కూడా దానితోపాటే పుట్టి, ముప్పై ఏళ్లుగా బతికే ఉంది.

లవ్‌ను కేవలం బాధితురాలిగా చూపడం కూడా అబద్ధమే అవుతుంది. 1995లో లాలపలూజా ఉత్సవం తెర వెనుక బికినీ కిల్ గాయని కాథ్లీన్ హానాను కొట్టి, కోర్టులో నేరం ఒప్పుకున్నారు. దెబ్బ దెబ్బే, దాన్ని ఖండించడంలో ఏ ద్వంద్వ ప్రమాణమూ లేదు. పక్కన పెట్టి చూడాల్సింది బ్రిటిష్ రాక్ బృందం ఒయాసిస్‌ను, దాన్ని నడిపిన అన్నదమ్ములు నోయెల్, లియామ్ గాలగర్‌లను. 1994లో బృంద సభ్యులు ఓడలో తగవుపడడంతో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీ పోయింది. 2002లో మ్యూనిక్ హోటల్లో జరిగిన కొట్లాటలో లియామ్ గాలగర్ పళ్లు ఊడాయి. అన్నదమ్ములు ఒక ఇంటర్వ్యూలో తిట్టుకున్న టేపును 1995లో ఏకంగా రికార్డుగా అమ్మితే, అది బ్రిటన్ పట్టికలో 52వ స్థానానికి చేరింది. మగవాళ్ల గొడవకు టికెట్టు ఉంటుంది.

ఈ ముద్రకు ఇంకో ఖరీదు కూడా ఉంది. 2005లో రెడ్ కార్పెట్ మీద యువతులకు సలహా ఏమిస్తారని అడిగితే, సినీ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ హోటల్లో ప్రైవేటు పార్టీకి పిలిస్తే వెళ్లవద్దని లవ్ చెప్పారు. కెమెరాలో ఉంది. ఎవరూ పట్టించుకోలేదు. 2017లో పెద్ద పత్రికలు ఆ నిర్మాత బాగోతం బయటపెట్టాకే ఆ వీడియో మళ్లీ వెలుగు చూసింది. ఓకానర్ మాటకు పట్టిన గతే దీనికీ పట్టింది.

రాసింది ఎవరన్న అనుమానం ఎవరి మీద పడుతుంది

ప్రవర్తన గురించి తీర్పులను కొలవడం కష్టం. రచన, నిర్మాణాల ఘనత అలా కాదు, రికార్డు అట్ట మీద పేర్లు అచ్చయి ఉంటాయి. అచ్చయి ఉన్నా చదవకపోవడమే ఇక్కడి విశేషం. 2015లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ తన ఆల్బం నిర్మాణంలో తానూ భాగస్వామి అయినా, పత్రికలు తోడు నిర్మాతకే మొత్తం ఘనత కట్టబెట్టాయని ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. మగవాడు ఒకసారి అంటే సరిపోయే మాటను స్త్రీ అయిదుసార్లు అనాలన్నది ఆమె అనుభవం. ఎక్కువమందిని కదిలించిన మాట అది. మగవాళ్ల బృందం రేడియోహెడ్ ఆల్బంలను దశాబ్దాలుగా నిర్మాత నైజెల్ గాడ్రిచ్ తీర్చిదిద్దుతున్నారు, అయినా ఆ సంగీతం గాడ్రిచ్‌దేనని ఎవరూ అనరు.

అనుమానాలన్నీ నిరాధారం కాకపోవచ్చు. హోల్ 1998 ఆల్బంలో అయిదు పాటలకు స్మాషింగ్ పంప్కిన్స్ బృంద నాయకుడు బిల్లీ కోర్గన్ పేరు సహరచయితగా ఉంది, దాన్ని దాచలేదు. బ్రిటన్‌లో స్త్రీ నాయకత్వంలోని ఎలాస్టికా బృందం తమ బాణీలను పోలిన బాణీలు వాడిందని రెండు పాత బృందాలు ఫిర్యాదు చేస్తే, వ్యవహారం కోర్టు బయటే పరిష్కారమైంది. ఒయాసిస్ కూడా తొలి ఆల్బంలోని ఒక పాట విషయంలో అలాగే సొమ్ము చెల్లించింది. ఒయాసిస్ అరువును పాత సంగీతం మీద మమకారంగా చెప్పుకునేవారు ఎక్కువ, ఎలాస్టికాకు కాపీ అన్న మాటే అంటుకుంది.

ఒక్కరికే చోటు ఉన్నప్పుడు

ఇదంతా ఎవరో కూర్చుని పన్నిన కుట్ర కాదు. 1990లలో చాలా అమెరికన్ రేడియోలు ఇద్దరు స్త్రీల పాటలను వరుసగా వేసేవి కావు, నిర్వాహకులు ఇద్దరు స్త్రీలను ఒకే కచేరీలో పెట్టడానికి జంకేవారు. వినేవాళ్లు వెళ్లిపోతారన్నది వాళ్ల లెక్క. ఆ లెక్కతో విసిగి కెనడా గాయని సారా మెక్లాక్లన్ 1997లో గాయనులు, స్త్రీలు నడిపే బృందాలే ఉండే లిలిత్ ఫెయిర్ సంగీత యాత్ర మొదలుపెట్టారు. ఆ ఏడాది సంచార ఉత్సవాలన్నిటిలో ఎక్కువ వసూళ్లు దానివే. లెక్క తప్పని తేలింది, అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదు.

కుర్చీ ఒక్కటే ఉంటే దాంట్లో కూర్చున్నావిడ మొత్తం స్త్రీజాతికి ప్రతినిధి అయిపోతుంది. కొబేన్ తప్పు కొబేన్ ఖాతాలోకి వెళ్తుంది. లవ్ తప్పు 'రాక్‌లో ఆడవాళ్లు' అన్న ఖాతాలో జమవుతుంది. ఒకరితో ఒకరిని పోల్చి, పోటీ పెట్టి, తగవు వెతకడం కూడా ఇక్కడి నుంచి పుట్టిందే.

అమెరికన్ గాయని లిజ్ ఫేర్ కథ దీనికి పక్కనే ఉంటుంది. 1993లో తొలి ఆల్బంతోనే విమర్శకుల సర్వేలో మొదటి స్థానం. 2003లో పాప్ వైపు జరిగితే సంగీత విమర్శల వెబ్‌సైటు పిచ్‌ఫోర్క్ పదికి 0.0 వేసింది. అమ్ముడుపోయారన్న నింద మగవాళ్లకూ తప్పలేదు. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్నందుకు పంక్ బృందం గ్రీన్ డేను బర్క్‌లీలోని సొంత క్లబ్బే రానివ్వలేదు. ఫేర్ విషయంలో అదనంగా చేరింది వయసు. ముప్పై ఆరేళ్ల తల్లి కుర్రపిల్లలా పాడుతోందన్న ఎగతాళి. ఆ సున్నా వేసిన విమర్శకుడు 2019లో బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

ద్వారపాలకుల సంగతి కూడా ఇక్కడిదే. రాక్ ప్రముఖులను సత్కరించే సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986 తొలి జట్టులో గాయనులు ఒక్కరూ లేరు. 2023 మార్చిలో లవ్ గార్డియన్‌లో వ్యాసం రాసి ఆ సంస్థను కడిగేశారు. అదే ఏడాది సెప్టెంబరులో సంస్థ సహస్థాపకుడు యాన్ వెన్నర్, తన ఇంటర్వ్యూల పుస్తకంలో స్త్రీలు ఎందుకు లేరన్న ప్రశ్నకు, ఆ మేధాస్థాయిలో మాట్లాడగలవారు లేరన్న అర్థం వచ్చే జవాబిచ్చారు. వెంటనే పాలకమండలి నుంచి తొలగించారు.

ఈ వాదన ఎక్కడ నిలవదు

2012లో అమెరికన్ గాయని అమాండా పామర్, జనం నుంచి చందాలు సేకరించే వెబ్‌సైటు కిక్‌స్టార్టర్ ద్వారా దాదాపు 12 లక్షల డాలర్లు సేకరించారు. తర్వాత యాత్రలో స్థానిక వాయిద్యకారులు డబ్బు లేకుండా, బీరు కోసం, కౌగిలింతల కోసం వాయించాలని పిలిచారు. సంగీతకారులు భగ్గుమన్నారు, చివరికి డబ్బు చెల్లిస్తానని పామర్ ఒప్పుకున్నారు. కొందరు అభిమానులు దీన్ని కూడా స్త్రీద్వేషం ఖాతాలో వేశారు. వాడిన భాషలో అది ఉంటే ఉండవచ్చు. విషయం మాత్రం కూలికి సంబంధించింది, మగవాడు పిలిచినా అదే ప్రశ్న వచ్చేది.

మరో లోటు గురించి ఈ చర్చలో తక్కువ మాట్లాడతారు. పైన చెప్పిన స్త్రీలందరూ తెల్లవారే. బ్రిటిష్ రాక్ బృందం స్కంక్ అనాన్సీ నాయకురాలు స్కిన్ నల్లజాతి బ్రిటిష్ స్త్రీ. ఆ బృందం 1999లో బ్రిటన్‌లోని పెద్ద సంగీత ఉత్సవం గ్లాస్టన్‌బరీ ప్రధాన వేదిక మీద చివరి రాత్రి ముఖ్య ప్రదర్శన ఇచ్చింది. 2019లో రాపర్ స్టార్మ్‌జీ అక్కడ పాడినప్పుడు ఆ ఘనత సాధించిన మొదటి నల్లజాతి బ్రిటిష్ కళాకారుడు ఆయనేనన్న మాట ప్రచారమైంది. ఇరవై ఏళ్ల క్రితమే మేము అక్కడ ఉన్నామని స్కిన్ గుర్తుచేయాల్సి వచ్చింది. కొందరిని చెడుగా గుర్తుపెట్టుకుంటారు, కొందరిని అసలు గుర్తుపెట్టుకోరు.

పాతికేళ్లు, యాభై ఏళ్లు

ఫొటో చించడం వల్ల తన జీవితం పాడైందని ఓకానర్ ఎప్పుడూ ఒప్పుకోలేదు. పాప్ పట్టికల్లో మొదటి స్థానమే తనను దారి తప్పించిందని, ఆ ఫొటో చించడంతో మళ్లీ దారిన పడ్డానని 2021లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నారు. 2023 జులై 26న ఆమె చనిపోయారు. ఐర్లండ్‌లోని బ్రే పట్టణంలో అంతిమయాత్ర దారి పొడవునా వేలమంది నిలబడ్డారు.

2025 ఫిబ్రవరిలో 'సాటర్డే నైట్ లైవ్' యాభై ఏళ్ల వేడుక చేసుకుంది. పాతికేళ్ల వేడుకకు కాస్టెల్లో స్వయంగా వచ్చి తన తప్పు మీద తానే హాస్యమాడారు. యాభై ఏళ్ల వేడుకలో ఓకానర్‌కు పేరు తెచ్చిన, గాయకుడు ప్రిన్స్ రాసిన పాటను గాయనులు మైలీ సైరస్, బ్రిట్నీ హోవర్డ్ పాడారు.